మా కాంపౌండు గోడ

కుటుంబ పత్రికలో గోడను గురించి వ్రాయడమేమిటని కొందరు పాఠకులు నవ్వవచ్చును. అయినా బెంగుళూరులో మూడు నాలుగు తరాలుగా కాపురముంటున్న మన తెలుగువారి ఇండ్లలో, ఇంటి ముందు గోడను గురించి ఒక్కసారైనా మాట పట్టింపు రాని ఇల్లు బహుశా ఉండదు. మా ఇంట ఆ తగవు నిరుడు ఆషాఢ మాసపు వానలతో మొదలైనది.

మా తాతగారు హిందూపురం నుండి వ్యాపారం నిమిత్తం ఈ ఊరు వచ్చి, స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి సంవత్సరం దండు ప్రాంతంలో ఒక పాత బంగళా కొన్నారు. సీమకు తిరిగిపోతున్న ఒక ఇంగ్లీషు కుటుంబం వారు, కుర్చీలూ బల్లలూ పూలకుండీలతో సహా దానిని అమ్మివేసినారు. ఆ ఇంటికి ముందు అరవై అడుగుల పొడుగున ఎర్ర ఇటుకల గోడ. ఎత్తు మనిషి రొమ్ము వరకు మాత్రమే. మధ్యన రెండు స్తంభాలు, వాటి నెత్తిన నల్లరాతి పలకలు, ఒక ఇనుప గేటు. గేటులో నుంచి కంకర బాట వంపు తిరిగి వాకిటి పందిరి దాకా వచ్చును. మా చిన్నతనమంతా ఆ గోడ మీదనే గడిచినదన్నా తప్పు లేదు.

నిరుడు వానలకు ఆ గోడలో ఒక భాగం పొట్ట కట్టినట్లు వీధివైపు ఉబ్బినది. మా తమ్ముని కుమారుడు ఒక కంట్రాక్టరును పిలుచుకొని వచ్చినాడు. ఆయన గోడను ఒక్క గుద్దు గుద్ది చూచి, “ఇది పని అయిపోయిన సరుకండీ. మొత్తం తీసివేసి సిమెంటు దిమ్మెలతో ఏడడుగుల గోడ లేపుదాం. లోపల తోట చదును చేస్తే మూడు కార్లు నిలుస్తాయి” అన్నాడు. ఎనభై నాలుగేండ్ల మా మేనత్త అరుగు మీద కూర్చుని ఈ మాట విన్నది. “ఒరే నాయనా, ఏడడుగుల గోడ జైలుకు కడతారు. మనమేం నేరం చేసినాము?” అని అడిగినది. దానితో ఇంట్లో రెండు పక్షాలైనవి. మేము ఏ పక్షమూ చేరలేక, ముందుగా ఈ గోడ ఎక్కడి నుండి వచ్చినదో, ఎందుకు ఇట్లా కట్టినారో తెలుసుకుందామని బయలుదేరినాము.

ఇట్టి గోడకు పుట్టిల్లు ఇంగ్లండు పల్లెసీమ. ఆ దేశపు తూర్పు, దక్షిణ జిల్లాలలో మంచి రాయి అరుదు; బంకమట్టి మాత్రం సమృద్ధి. అందువల్ల పదహారవ శతాబ్దం నుండి అక్కడి జమీందారులు తమ ఇండ్లనూ తోటగోడలనూ ఇటుకతోనే కట్టుకొన్నారు. తోటగోడ వారికి కేవలం హద్దు కాదు; అది ఒక పనిముట్టు. ఇటుక పగలంతా ఎండను తాగి, రాత్రి మెల్లగా ఆ వేడిని విడుచును. అందుకని దక్షిణముఖంగా ఉన్న గోడకు పీచు, ఆప్రికాట్ వంటి చెట్లను ఆనించి, కొమ్మలను విసనకర్ర వలె పరచి, గుడ్డపీలికలతో ఇటుకల సందులలో మేకులు కొట్టి కట్టేవారు. అంతటితో తృప్తిపడని ధనవంతులు గోడను బోలుగా కట్టించి, లోపల పొగగొట్టాలు నడిపి, వసంతంలో పూత సమయాన మంచు కురిసే రాత్రులలో గోడకు పొయ్యి రాజేసేవారు! మన ఇండ్లలో బాలింతకు కుంపటి పెట్టినట్లు, వారు పీచుపండ్ల చెట్టుకు కుంపటి పెట్టినారన్నమాట. వారిక్‌షైర్‌లో ప్యాక్‌వుడ్ హౌస్ అనే ఇంటి తోటగోడలో తేనెటీగల బుట్టలు పెట్టుకొనేందుకు ముప్ఫై గూళ్లు ఉన్నవి. మన దీపపు గూళ్లు గుర్తుకు వచ్చును.

మరొక వింత, సఫక్ జిల్లాలో పాము నడకవలె వంకరలు తిరిగిన గోడలు. చూచినవారు ఇది మేస్త్రి కల్లు తాగి కట్టినదేమో అనుకొందురు. నిజానికి అందులో పెద్ద లెక్క ఉన్నది. తిన్నని గోడను ఒక్క ఇటుక మందంతో కడితే గాలికి పడిపోవును; దానిని నిలబెట్టడానికి అక్కడక్కడ బురుజులవంటి ఆనుడు స్తంభాలు కావలెను. గోడనే వంపులుగా కడితే ఆ వంపే దానికి బలం. పొడుగు పెరిగినా మందం తగ్గుతుంది గనుక మొత్తం మీద ఇటుకలు కలిసివచ్చును. అమెరికాలో థామస్ జెఫర్సన్ తాను స్థాపించిన వర్జీనియా విశ్వవిద్యాలయపు తోటలకు ఇట్టి గోడలే ఎంచుకొన్నాడు. ఇటుకలు పొదుపు చేయవలసిన అవసరం ఆ దేశపు దొరలకూ వచ్చినది. అమెరికా యుద్ధపు అప్పులు తీర్చుకొనేందుకు 1784లో బ్రిటిషు ప్రభుత్వం ఇటుకల మీద వేయింటికి ఇంత అని పన్ను విధించినది. ఇటుకల వారు లెక్క తగ్గించడానికి ఒక్కొక్క ఇటుకను పెద్దది చేసినారు. సర్కారు వారు ఊరకుంటారా? 1803లో పెద్ద ఇటుకకు రెట్టింపు పన్ను వేసినారు. చివరకు 1850లో గాని ఆ పన్ను పోలేదు.

ఇక ఇంటి ముందరి ఆవరణ. పదహారు, పదిహేడు శతాబ్దాలలో పెద్ద ఇండ్లకు ఎదుట గోడ చుట్టిన ముంగిలి ఒకటి తప్పక ఉండేది. అతిథి గుర్రపుబండి గేటు దాటి అందులోకి వచ్చి నిలిచేది. తరువాతి శతాబ్దంలో మోజు మారినది. లాన్సలాట్ బ్రౌన్ (1716–1783) అనే తోటల శిల్పి, ఇంటి గుమ్మం దాకా పచ్చిక బయలు వచ్చినట్లు కనిపించవలెనని, ఎన్నో ఇండ్ల ముందరి గోడలనూ ముంగిళ్లనూ తీసివేయించినాడు. పశువులు ఇంటి మీదికి రాకుండా, గోడను కంటికి కనిపించని విధంగా గోతిలో కట్టేవారు. దానికి ‘హా–హా’ అని పేరు. దారిన పోతూ చూడక అందులో పడినవారు వేసిన కేకే ఆ పేరైనదని చెప్పుకొంటారు. నూరేండ్లు గడిచిన తరువాత ఆ మోజూ పోయినది. 1892లో రెజినాల్డ్ బ్లామ్‌ఫీల్డ్ గోడలుగల పాత తోటలను సమర్థిస్తూ పుస్తకం వ్రాసినాడు. 1901లో గెర్ట్రూడ్ జెకిల్ అనే ఆమె గోడలలోనూ నీటి తోటలలోనూ పెంచదగిన మొక్కలను గురించి ఒక గ్రంథం వెలువరించినది. పడగొట్టినవారి మనుమలు మళ్లీ కట్టుకొన్నారు. ఈ సంగతి మేము మా తమ్ముని కొడుకుతో ప్రత్యేకించి చెప్పినాము. అతడు మాత్రం చేతిలోని ఫోను నుండి తల ఎత్తలేదు.

ఈ గోడ బెంగుళూరు ఎట్లా చేరినది? 1799లో శ్రీరంగపట్టణం పడిన తరువాత ఇంగ్లీషు సైన్యం అక్కడే మకాం పెట్టినది. అక్కడి జ్వరాలకు తాళలేక 1809లో మూడువేల అడుగుల ఎత్తున ఉన్న ఈ చల్లని ఊరికి దండును మార్చినారు. అధికారులకు బంగళాలు లేచినవి. ‘బంగళా’ అనే మాట బంగాళ దేశపు గుడిసె నుండి పుట్టినది. ‘కాంపౌండు’ అనేది మలయా భాషలోని ‘కంపొంగ్’ నుండి వచ్చినదని నిఘంటుకారులు పలువురు అంటారు. చూడండి, ఇంగ్లీషువాడి ఇంటికి రెండు ముఖ్యమైన పేర్లూ ఇంగ్లీషువి కావు.

అయితే ఇక్కడ గోడ స్వభావం మారినది. సీమలో ఎండను దాచిపెట్టడానికి పది పన్నెండు అడుగుల గోడ కావలెను. మన ఎండకు ఆ గోడ కడితే ఇంట్లోనివారు ఆప్రికాట్ పండ్లవలె పండిపోవలసినదే. అందుకని బెంగుళూరు బంగళా గోడ పొట్టిదైనది. గాలి గోడ మీదుగా వచ్చి వరండా చెక్కజాలి లోనికి దూరవలెను. ఆవులూ మేకలూ మాత్రం గులాబీ మొక్కల దగ్గరకు రాకూడదు. గేటు నుండి ఇంటికి దూరం, వెనుక వంటిల్లు వేరు, గుర్రపుశాల వేరు. ఇంటి కిటికీల మీద కోసుగా దిగిన చెక్కల టోపీలను ఈ ఊరివారు ‘మంకీ టాప్’ అంటారు. ఇప్పటికీ రిచ్‌మండ్ టౌన్‌లో, వైట్‌ఫీల్డులో ఒకటీ అరా కనిపించును. 1896లో యువ సైనికాధికారిగా ఇక్కడకు వచ్చిన విన్‌స్టన్ చర్చిల్ ఇట్టి బంగళాలోనే మిత్రులతో కాపురముండి గులాబీలు పెంచినాడు, సీతాకోకచిలుకలు పట్టినాడు. ఆ చిలుకలను ఒక ఎలుక తినిపోయినది. ఆయన బెంగుళూరు క్లబ్బుకు బాకీపడిన పదమూడు రూపాయలు మాత్రం క్లబ్బు పుస్తకాలలో నిలిచి ఉన్నవి.

కట్టించినవారి పేర్లు వీధులకు ఉన్నవి. కట్టినవారి పేర్లు లేవు. ఇందులో మనవారి వంతు చిన్నది కాదు. రాళ్లు కొట్టడంలో, చెరువులు త్రవ్వడంలో పేరుపడిన వడ్డెరలు, ఇక్కడి వారు భోవులంటారు, తెలుగు మాట్లాడేవారు. బెంగుళూరు చుట్టుపట్ల బండల మీద సన్నగా మంట పెట్టి, ఆ మంటను మెల్లగా ముందుకు జరుపుతూ, వేడికి పై పొర లేచి విడిపోయేటట్లు చేసి, తలుపులంతేసి రాతి పలకలు తీసే విద్య ఒకటి ఉండేది. విడివడిన చోటును సుత్తితో తట్టి, శబ్దం విని, పొర ఎందాక లేచినదో చెప్పేవారట. 1895లోనే ఒక సీమ శాస్త్ర పత్రికలో ఆ పద్ధతిని గురించి అచ్చయినది. మా గేటు స్తంభాల మీది పలకలు అట్టివేనని మా మేస్త్రి చెప్పినాడు. ఆ మేస్త్రి సంగతికి తరువాత వచ్చెదము.

తెలుగువాని ఇంటికి ముందర గోడ లేదు. అరుగు ఉన్నది. వీధిలో పోయేవాడు కాళ్లు నొప్పి పుడితే అడగకుండా దాని మీద కూర్చొనవచ్చును. ముంగిలిలో కళ్లాపి చల్లి ముగ్గు వేసే చోటు వీధికీ ఇంటికీ ఉమ్మడి. తోట ఉంటే పెరట్లో. ఇంగ్లీషు ఇల్లు దీనికి పూర్తిగా ఎదురు: తోట ముందు, మనిషి దూరం. ఈ రెండూ కలిసినది 1890లలో ఏర్పడిన బసవనగుడి, మల్లేశ్వరం పేటలలో. 1898 ప్లేగు తరువాత కోట, పేటల ఇరుకు వీధుల నుండి జనం ఈ కొత్త పేటలకు తరలినారు. వచ్చినవారు దండులోని బంగళాలను చూచినవారే. ఇంటి చుట్టూ కాస్త ఖాళీ, ముందు ఒక గేటు, నడుమెత్తు గోడ — ఇవి బంగళా నుండి తెచ్చుకొన్నారు. గోడ లోపల తులసికోట, పారిజాతం, కొబ్బరిచెట్టు, మెట్ల పక్కన అరుగు — ఇవి తమవి ఉంచుకొన్నారు. ఆ గోడ ఎత్తు సరిగ్గా ఇద్దరు ఆడవాళ్లు చెరొకవైపు నిలబడి మోచేతులు ఆనించి మాట్లాడుకొనే ఎత్తు. మా అత్తయ్య లెక్క ప్రకారం మా వంశంలో మూడు పెండ్లి సంబంధాలు గోడ మీదుగానే కుదిరినవి.

ఎత్తు గోడకు కారణం భయం. హైదరాబాదు రెసిడెన్సీని చూడండి. పందొమ్మిదవ శతాబ్దపు ఆరంభంలో కిర్క్‌పాట్రిక్ కట్టించిన ఆ భవనం, స్తంభాలు మెట్లు ఎదుట విశాలమైన ఆవరణతో, నేడు కోఠీలోని మహిళా విశ్వవిద్యాలయపు ఆవరణలో ఉన్నది. 1857 జూలైలో తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వాన దాని మీద దాడి జరిగినది. ఆ తరువాత దాని చుట్టూ రక్షణలు బలపడినవి. అది అర్థమున్న సంగతే. మా వీధిలో ఏ దాడి జరిగినదని ఏడడుగులు?

ఇంతవరకు మేము పుస్తకాలలో చదివినది. గోడ ఎందుకు ఉబ్బినదో మాత్రం పుస్తకాలు చెప్పలేదు. అది చింతామణి నుండి వచ్చిన ఒక వృద్ధ తాపీమేస్త్రి చెప్పినాడు. అక్కడి తెలుగులో ఆయన అన్నమాట మా చెవిలో ఉన్నది: “సామీ, గోడ తప్పేం లేదు. దీనికి ఎవురో సిమెంటు అంగీ తొడిగినారు. ఊపిరాడక సచ్చిపోతా ఉంది.”

ఆ ‘ఎవరో’ మేమే. పదేండ్ల క్రిందట గోడ పెచ్చులు ఊడుతున్నదని మేము ఒకరిచేత రెండువైపులా సిమెంటు పూత వేయించినాము. గట్టిగా ఉంటుందని ఆయన అన్నాడు. మేము సంతోషించి డబ్బిచ్చినాము. జరిగినదేమంటే: పాత ఇటుక మెత్తనిది, నీటిని పీల్చును. దానికి తగినట్లు మధ్యనున్న డంగుసున్నం ఇంకా మెత్తనిది. వానకు గోడ తడిసినా, ఆ తడి సున్నపు సందుల గుండా బయటకు ఆరిపోవును. నీటితో వచ్చిన ఉప్పు కూడా ఆ సున్నాన్నే తినును, ఇటుకను తినదు. అరిగిన సున్నాన్ని ఇరవై ముప్ఫై ఏండ్లకొకసారి గీకి మళ్లీ నింపుకొంటే సరి. సిమెంటు అట్లా కాదు. 1824లో ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్‌డిన్ పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంటు పొందినాడు. పెద్ద వంతెనలకూ ఆనకట్టలకూ అది గొప్ప వరమే. మెత్తని ఇటుక మీద వేస్తే మాత్రం తడి లోపలే చిక్కుకొనును. ఆరే దారి లేక ఉప్పు ఇటుక లోపల గడ్డకట్టి, ఇటుక ముఖాన్నే పెళ్లగించును. మేస్త్రి ఉలితో పూతను ఒక మూల లేపగానే, వెనుక ఇటుక ఎర్రని పొడిగా రాలినది. మేము సిగ్గుపడినాము.

రెండవ తప్పు కూడా మాదే. తోటలో పూలమడి ఎత్తు పెంచినప్పుడు మన్నును గోడకు ఆనించి రెండడుగులు పోసినాము, పక్కనే కొళాయి. ఆ తడిమన్ను బరువుకు గోడ వీధివైపు ఒరిగినది. మొదట కట్టినవాడు నీళ్లు పోవడానికి అడుగున విడిచిన కన్నాలను మా సిమెంటు పూసినవాడు నీటుగా మూసివేసినాడు.

మేస్త్రి పని తొందరగా ఆరంభించలేదు. వానలలో సున్నం పని పనికిరాదన్నాడు. కార్తిక మాసంలో సున్నపురాయి తెప్పించి, డ్రమ్ములో నీటిలో చంపి, గోనెపట్టా కప్పి ఊరబెట్టినాడు. ఆ సమయంలో అది కుతకుత ఉడుకును. కంట పడితే ప్రమాదమని పిల్లలను దగ్గరకు రానీయలేదు. మాఘంలో పని మొదలు. ఒక పాలు సున్నానికి మూడు పాళ్లు ఇసుకా సుర్ఖీ, అనగా బాగా కాలిన ఇటుకల పొడి, కలిపి రుబ్బించినాడు. సుర్ఖీ వల్ల సున్నం తడిలో కూడా గట్టిపడును. కరక్కాయలు నానబెట్టిన నీరూ కొంచెం బెల్లమూ చేర్చినాడు. మా తమ్ముని కొడుకు, “గోడకు పాయసమా?” అని ఎగతాళి చేసినాడు గాని, ఆ తరువాత రోజూ ఉదయం కాఫీ గ్లాసుతో వచ్చి మేస్త్రి పక్కనే నిలబడుతూ వచ్చినాడు.

ఉబ్బిన పన్నెండు అడుగులను ఇటుక ఇటుకగా విప్పినారు. ముఖం పోయిన ఇటుకలను లోపలికి తిప్పి, బాగున్న వెనుకముఖం వీధికి వచ్చునట్లు పెట్టినారు. పాతపద్ధతిలోనే ఒక వరుస ఇటుకలు పొడుగ్గా, పై వరుస అడ్డంగా. అప్పుడే మేము కనిపెట్టినాము: కొన్ని ఇటుకల మీద చేతివ్రేళ్ల గుర్తులు ఉన్నవి. పచ్చిగా ఉన్నప్పుడు ఎవరో ఎత్తి పక్కన పెట్టినప్పటివి. ఒక ఇటుక మీద చిన్న వ్రేళ్లు. పదేండ్ల పిల్లవి అయి ఉండును. అత్తయ్య ఆ ఇటుకను చాలాసేపు చేతిలో ఉంచుకొన్నది. తరువాత దానిని గేటు పక్కన, కంటికి కనబడే వరుసలో పెట్టమన్నది. కన్నాలు తెరిచినారు. మన్ను వెనుకకు తీసినారు. మిగిలిన గోడకు సిమెంటు పూత పూర్తిగా తీస్తే ఇటుక కూడా ఊడివచ్చే చోట్ల, దానిని అట్లాగే ఉంచి, తనంతట తాను వదిలేదాకా ఆగమన్నాడు. అది మాకు నచ్చలేదు. అయినా ఆయన మాటే నెగ్గినది.

పన్నెండు అడుగుల పనికి పద్దెనిమిది రోజులు పట్టినది. ఖర్చు, కంట్రాక్టరు కొత్త గోడకు చెప్పినదానిలో సగం దాటినది. ఈ లెక్క దాచిపెట్టడం న్యాయం కాదు. సున్నం పని తెలిసిన మేస్త్రిని వెతకడానికే మాకు నాలుగు నెలలు పోయినవి. ఆయన కుమారులు ఇద్దరూ వేరే ఉద్యోగాలలో ఉన్నారు. ప్రతి ఇంటివారూ ఇట్లా చేయగలరని మేము అనము. పెద్ద ఆస్తిని అన్నదమ్ములు పంచుకోవలసి వచ్చినప్పుడు, బంగళా పోయి అంతస్తులు లేవడం ఈ ఊరిలో మనమంతా చూస్తున్నదే. అందులో మన తెలుగువారి ఇండ్లూ ఉన్నవి. కాని గోడను పడగొట్టకముందు దానికి ఏమి జబ్బో ఒకసారి అడిగిచూడవచ్చును గదా.

కార్ల సంగతి మిగిలినది. గేటు ఒక స్తంభాన్ని మూడడుగులు పక్కకు జరిపి కట్టినారు, దాని నెత్తిన పాత పలకే పెట్టినారు. ఇప్పుడు ఒక కారు సుఖంగా, మరొకటి కష్టపడి లోనికి వచ్చును. మూడవది వీధిలోనే ఎండుచున్నది. మా తమ్ముని కొడుకు దానిని అమ్మివేసెదనంటున్నాడు, ఇంకా అమ్మలేదు.

కొత్త సున్నం గాలి పీల్చుకొంటూ మెల్లగా గట్టిపడును గనుక, రోజుకు రెండుసార్లు గోనెపట్టాలు తడిపి గోడకు కప్పవలెను. ఆ పని అత్తయ్య తన చేతిలోకి తీసుకొన్నది. ఉగాది వెళ్లేదాకా కొత్త భాగం మీద ఎవరూ ఆనుకోరాదని మేస్త్రి ఆజ్ఞ. పాలు వేసే అబ్బాయికీ, కరివేపాకు అడగవచ్చే ఎదురింటి కోడలికీ అత్తయ్య ఆ సంగతి చెప్పి, వారిని పాత భాగం వైపు జరగమంటున్నది.